టుంపా వాళ్లమ్మ

ఖిదిర్‌పూర్ బజారులో అమ్మన్నమ్మ అసలు పేరు తెలిసినవాళ్లు నలుగురు కూడా ఉండరు. బెంగాలీ ఊళ్లో పెళ్లయిన ఆడదాన్ని పేరుపెట్టి ఎవరు పిలుస్తారు గనక? పిల్లలుంటే ఫలానా పిల్ల తల్లి అంటారు, లేకపోతే బౌది, అంటే వదిన, అంటారు. అమ్మన్నమ్మ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఏళ్ల తరబడి అందరికీ వదినగానే ఉండిపోయింది. ఆ పిలుపులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని కూరలవాడు బౌది అన్నప్పుడల్లా తన ఒళ్లో బిడ్డ లేదన్న సంగతి ఆమెకు గుర్తొచ్చేది. తర్వాత ఎప్పుడో ఆ పిలుపు మారింది. చేపల సంధ్యాదీదీ మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు. "టుంపార్ మా" అని. టుంపా వాళ్లమ్మ అని. అమ్మన్నమ్మ ఎవరినీ సరిదిద్దలేదు.

నోరు లేక కాదు. కుళాయి దగ్గర ఆమె నోటికి జడిసి బిందె వెనక్కి తీసుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాని ఈ ఒక్క విషయంలో ఊరుకుంది. టుంపా ఆమె మరిది యోగేశ్ కూతురు. కన్నది తోడికోడలు రోజారాణి. పొద్దున్నే రోజా మెటియాబ్రుజ్ వైపు కుట్టుపనికి వెళ్లిపోతే, ఆ పిల్లకు నీళ్లు పోసింది, అన్నం పెట్టింది, జడ వేసి బడికి దిగబెట్టింది అమ్మన్నమ్మ. పిల్ల మాత్రం రోజాను అమ్మా అని, ఈమెను పెద్దమ్మా అని పిలిచేది. ఇంట్లో ఎవరికీ ఏ తికమకా లేదు. తికమక అంతా కాగితం మీదే ఉంది.

దానికి కారణం ఒక కార్డు. అమ్మన్నమ్మ భర్త గవరయ్య ఓడల మరమ్మతు కంపెనీలో ఫిట్టరు. శ్రీకాకుళం తీరం నుంచి తాత వచ్చి ఓడల డాకులో మూటలు మోస్తే, తండ్రి రేవులో తాళ్లు కడితే, మనవడి కాలానికి కంపెనీ ఉద్యోగమూ, దాంతో పాటు వైద్యం కార్డూ వచ్చాయి. తమ్ముడు యోగేశ్ వెల్డరు. గార్డెన్ రీచ్‌లో కాంట్రాక్టరు కింద పని, ఏ కార్డూ లేదు. వాళ్లుండే కార్మికుల లైను ఇళ్లలో ఒక అలవాటు ఉండేది. కార్డు ఒక్కరిది, జబ్బులు ఇంటందరివీ. ఒకరి పేరున ఇంకొకరు మందులు తెచ్చుకోవడం, పళ్లు పీకించుకోవడం అక్కడ ఎవరికీ మోసంగా తోచేది కాదు. పక్కింటి కాసులమ్మ మోకాలి ఎక్స్‌రే ఆవిడ ఆడపడుచు పేరున ఉంది. ఆడపడుచుకు గాని మోకాలికి గాని ఏమీ అభ్యంతరం లేకపోయింది.

రోజాకు నెలలు నిండాక బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఆపరేషన్ తప్పదన్నారు. ఇంట్లో మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడితే, అమ్మన్నమ్మ ట్రంకుపెట్టె తెరిచి కార్డు తీసింది.

"నా పేరెట్టీయండి. పేరేటి, కడుపులోకి ఎల్తాదేటి?" అంది.

కార్డు మీద ఫొటో అరిగిపోయి ముక్కూ మొహం తెలియకుండా ఉంది. అలా కంపెనీ ఆస్పత్రి మంచం మీద రోజారాణి అమ్మన్నమ్మ అయిపోయింది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టుకుని బయటికొచ్చి "అమ్మన్నమ్మ" అని పిలిచింది, ఇంటివాళ్ల కోసం. బల్ల మీద కునుకుతున్న అసలు అమ్మన్నమ్మ ఆ నాటకమంతా ఒక్కసారి మరిచిపోయి, ఉలిక్కిపడి లేచి రెండు చేతులూ చాపింది. నర్సు బిడ్డను ఆ చేతుల్లో పెట్టేసింది. ఆ వేడి ఆమె మోచేతుల్లో ఇప్పటికీ ఉంది.

ఆస్పత్రివాళ్లు రాసినట్టే పుట్టిన సర్టిఫికెట్ వచ్చింది. తర్వాత అందరూ టుంపా అని ముద్దుగా పిలిచిన పిల్లకు అందులో పేరు అన్నపూర్ణ, తల్లి అమ్మన్నమ్మ, తండ్రి గవరయ్య. చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. "తర్వాత మారుద్దుం లెండి" అన్నాడు గవరయ్య. ఆ ఇంట్లో తర్వాత చేద్దామన్న పని ఏది జరిగింది గనక ఇది జరగడానికి? ఆ సర్టిఫికెట్‌తోనే టుంపాను బళ్లో వేశారు. బళ్లో తల్లుల మీటింగు అంటే రిజిస్టర్లో ఉన్న తల్లే వెళ్లాలి కాబట్టి అమ్మన్నమ్మే వెళ్లేది. ఆ మీటింగుకని ఒక నీలం చీర విడిగా ఉంచుకుంది. టీచరు పిల్ల లెక్కల్లో వెనకబడిందని తిట్టినా ఆమెకు కమ్మగానే ఉండేది. తల్లిని కాకపోతే తిట్టదు కదా.

ఆ మధ్య కంపెనీ మూతబడింది. గవరయ్య ఇంటిపట్టున కూర్చున్నాడు. యోగేశ్ మాత్రం వెల్డింగ్ పరీక్షలేవో రాసి, కెనడాలో హాలిఫాక్స్ అనే రేవుకు పనికి వెళ్లాడు. అక్కడా ఓడలే, అక్కడా అతుకులే, చలి మాత్రం వేరు. భార్యాబిడ్డల్ని పిలిపించుకునే వీలు దొరికేసరికి మూడేళ్లు దాటాయి.

కాగితాలు చూసే పని లలిత్ అనే కుర్రాడికి అప్పజెప్పారు. హైదరాబాద్ వైపువాడు, వీసా దరఖాస్తులు నింపిపెట్టే ఆఫీసు నడుపుతాడు. మొగుడూ పెళ్లాలు నిజంగా మొగుడూ పెళ్లాలేనని చూపించడానికి పెళ్లి ఫొటోలు, ఫోను మాటలు, కలిసి తిరిగిన చోట్లు అన్నీ అడిగాడు. రోజా సిగ్గుపడుతూనే అన్నీ ఇచ్చింది. పేచీ పిల్ల దగ్గర వచ్చింది.

"ఈ పాప ఎవరి పాపండీ?" అన్నాడు లలిత్ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి.

"మా గుంటే," అంది రోజా.

"కాగితం ప్రకారం మీరు పిన్ని. పిన్నీ బాబాయ్ పిలిపించుకుంటామంటే ఈ వీసా ఇవ్వరు."

గవరయ్య కార్డు కథ చెప్పాడు. లలిత్ తల పట్టుకున్నాడు. అమ్మన్నమ్మకు ఆ క్షణాన ఒక ఆలోచన తట్టింది. "అయితే మా గుంటని ఆళ్లకి పెంపకం ఇచ్చినట్టు రాసేత్తే పోదేటి బాబూ?" అంది. అలా రాస్తే కాగితం మీద కన్నతల్లి తనే అవుతుంది. ఆ సంగతి పైకి చెప్పలేదు గాని, మనసులో మెదిలింది అదే.

"వద్దాంటీ. అబద్ధం మీద ఇంకో అబద్ధం అవుతుంది. రేపు వాళ్లు డీఎన్‌ఏ అడిగారంటే ముగ్గురికీ తలుపు మూసుకుపోతుంది. కోర్టుకెళ్లి సర్టిఫికెట్ మార్పించుకోవాలి. పరీక్ష చేయిస్తాం. దాంతో పాటు కాగితంలో తల్లిగా ఉన్న మనిషి జడ్జి ముందు నిలబడి, ఈ బిడ్డ నా బిడ్డ కాదు అని చెప్పాలి. మీరు చెబితేనే పని జరుగుతుంది."

అందరూ ఆమె వైపు చూశారు. "అదెంత పని," అంది అమ్మన్నమ్మ.

పరీక్ష రోజున లాబ్‌లో టుంపా బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దారు. పిల్లకు చక్కిలిగింత పుట్టి నవ్వింది. రోజాకూ రుద్దారు. యోగేశ్‌ది అక్కడినుంచే వస్తుందన్నారు. తర్వాత తన వంతని అమ్మన్నమ్మ నోరు తెరుచుకుని కూర్చుంది. "మీది అక్కర్లేదమ్మా" అన్నాడు లాబ్ అబ్బాయి, మర్యాదగానే. ఆమె నోరు మూసుకుని, కొంగు సర్దుకుని, బయట బల్ల మీదికొచ్చి కూర్చుంది.

అలీపూర్ కోర్టులో మొదటి వాయిదాకు తేదీ ఇచ్చారు. ఆ పొద్దున అమ్మన్నమ్మకు బీపీ పెరిగింది. కళ్లు తిరుగుతున్నాయంది. నిజంగానే తిరిగాయి. రెండో వాయిదాకు నడుం పట్టేసింది. మంచం దిగలేనంది. అదీ నిజమే. అయితే ఆ నడుం మర్నాటికల్లా తోమిన గిన్నెలు బోర్లించడానికి చక్కగా వంగింది. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. యోగేశ్ ఫోన్ చేసి "వొదినా, ఒంట్లో ఎలాగుంది?" అనేవాడే తప్ప కోర్టు మాట ఎత్తేవాడు కాదు. అతను విసుక్కుంటే తానూ నాలుగు అనేసి ఊరుకునేది. ఏమీ అనకపోవడంతో ఆ కోపం తన మీదికే తిరుగుతోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. రోజా తల ఎత్తకుండానే అంది.

"అక్కా, ఆయన్నే తిరిగొచ్చీమన్నాను."

"ఎందుకే?"

"ఇక్కడ మాత్రం ఓడలు నేవేటి? నీకాడినుంచి పిల్లని లాక్కుపోయి నాను అక్కడ సుకపడతానేటి?"

"ఎవులు సెప్పారే నిన్నలాగ అనమని?"

"ఎవులూ సెప్పనేదు. ఆయన సరే అన్నాడు."

అమ్మన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. చేటతో సహా లేచి లోపలికి పోయింది. ఇంత మంచితనం ఎవరు చేయమన్నారు? నా బిడ్డను నాకు ఇవ్వవే అని జుట్టు పట్టుకుని అడిగి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. గదిలో గోడకు చేరబడి కూర్చుని, తనకు సిగ్గేస్తోందని ఒప్పుకుంది. ఒప్పుకున్నా మనసు దిగిరాలేదు. ఉండిపోతారట, పోనీలే, ఉండనీ అని ఒక పక్క సంతోషం కూడా తలెత్తింది. ఆ సంతోషాన్ని చూసే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఆ రాత్రి టుంపా రోజూలాగే అన్నం కంచం ముందు వేసుకుని, ఫోను పప్పు గిన్నెకు ఆనించి నిలబెట్టింది. ఇక్కడ రాత్రి భోజనం వేళకు యోగేశ్‌కు అక్కడ టిఫిన్ వేళ. తండ్రీ కూతుళ్లు ఫోన్లోనే ఎదురెదురుగా కూర్చుని తింటారు. మూడేళ్లుగా సాగుతున్నదే. అమ్మన్నమ్మ దాన్ని ఒక ఆటనుకుంది. పిల్లకు ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుందని సంతోషించింది కూడా. ఆ రోజే సరిగ్గా చూసింది. యోగేశ్ ముందు రొట్టె ముక్కలు ఎండిపోయి ఉన్నాయి. టుంపా వేయించిన చేపలో ముల్లు తీసి, ఒక చిన్న ముక్క ఫోను దాకా తీసుకెళ్లి, "తిను నాన్నా, ముల్లు నేదు" అంది. యోగేశ్ నోరు తెరిచి నమిలినట్టు నటించాడు. పిల్ల నవ్వలేదు. అతను మింగేదాకా ఆగి, అప్పుడు తన ముద్ద తాను తింది.

అమ్మన్నమ్మ దగ్గరికొచ్చి ఫోను అద్దం మీద అంటిన నూనెను కొంగుతో తుడిచింది. అవతల యోగేశ్ మొహం స్పష్టంగా కనిపించింది. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఒరే యోగీ, వొచ్చీకు. ఆళ్లే వొత్తారు," అంది. తర్వాత రోజా వైపు తిరిగి, "వాయిదా ఎప్పుడే?" అంది.

ఆ వాయిదాకు బీపీ రాలేదు. నడుమూ పట్టలేదు. నీలం చీర కట్టుకుంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి "అమ్మన్నమ్మ" అని పిలిచాడు. ఆస్పత్రిలో నర్సు పిలిచిన పిలుపే ఆమెకు గుర్తొచ్చింది. అప్పటిలాగే మొదటి పిలుపుకే లేచింది. చేతులు మాత్రం బోను కర్ర మీద పెట్టుకుంది.

జడ్జి బెంగాలీలో అడిగాడు. ఆమెకు బెంగాలీ తెలుగంత బాగానూ వచ్చు. "ఈ అమ్మాయి మీ కూతురా?"

కాదు అని ఒక్క మాటంటే చాలని వాళ్ల కేసు చూస్తున్న వకీలు దీదీ మూడుసార్లు నేర్పింది. "నేను కనలేదు బాబూ," అంది అమ్మన్నమ్మ.

"కన్నారా లేదా అని ఆనక అడుగుతాను. మీ కూతురా, కాదా?"

ఎదురుగా బల్ల మీద టుంపా బడి దుస్తుల్లో, రోజా పక్కన కూర్చుని ఉంది. పొద్దున తనే వేసిన జడలు. ఒకటి వదులైంది. వెళ్లి బిగించాలనిపించింది.

"కాదు," అంది.

"గట్టిగా చెప్పండి. గుమాస్తా రాసుకోవాలి."

"కాదు బాబూ. నా కూతురు కాదు. రోజా కూతురు. నేను కార్డు మాత్రమే ఇచ్చాను."

ఎందుకిచ్చారని అడిగితే, మా లైన్లలో అలాగే ఇచ్చుకుంటామంది. జడ్జి కాసేపు మందలించాడు. అలాంటి పనులు పిల్లల్ని ఎంత చిక్కుల్లో పడేస్తాయో చెప్పాడు. ఆమె తలూపింది. గుమాస్తా టకటకా టైపు కొట్టేశాడు. తాను అంత కష్టపడి తెచ్చుకున్న మాట అతనికి అర పంక్తిలో పట్టింది. ఉత్తర్వు ఇంకో వారంలో వస్తుందనీ, సర్టిఫికెట్ మారాక వీసాకు పెట్టుకోవచ్చుననీ బయటికొచ్చాక వకీలు దీదీ చెప్పింది. రోజా ఆమె కాళ్లకు దణ్ణం పెట్టబోతే అమ్మన్నమ్మ రెక్క పట్టి లేపింది. "లే, బస్సెల్లిపోద్ది," అంది.

బస్సు దిగి ముగ్గురూ బజారు మీదుగా నడిచారు. టుంపా మధ్యలో, ఇద్దరి చేతులూ పట్టుకుని. వానాకాలం కదా, చేపల వరసలో ఇలిశ చేపలు మెరుస్తున్నాయి. సంధ్యాదీదీ కత్తిపీట ముందునుంచే కేకేసింది.

"ఓ టుంపార్ మా! మంచి ఇలిశ వచ్చింది, చూసి వెళ్లు."

అమ్మన్నమ్మ ఆగిపోయింది. తల తిప్పలేదు. జడ్జి ముందు కాదని చెప్పి గంట కూడా కాలేదు. ఇప్పుడు పలకాల్సింది రోజా. పలకనిమ్మని, కళ్లు నేల మీద పెట్టుకుని నిలబడింది. ఇక మీదట ఇలాగే అలవాటు చేసుకోవాలి.

రోజా పలకలేదు. పిల్ల చెయ్యి వదిలి ఇటు వచ్చి, అమ్మన్నమ్మ మోచేయి పట్టుకుని మెల్లగా కదిపింది.

"అక్కా, పలకవేటి? నిన్నే పిలుత్తన్నాది."

అమ్మన్నమ్మ చేపల దగ్గరికెళ్లి, గొంతుక్కూర్చుని, మొప్పలు ఎత్తి చూసింది.