కంప్యూటర్‌కు ముందే చెప్పేశాం

అప్పట్లో అనంతపురంలో నెట్ సెంటర్లు కిటకిటలాడేవి. శింగనమల దగ్గర మా నాయనకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. ఆ ఏడు కొమ్మలు కొసల నుంచి ఎండిపోసాగాయి. మందు వేసి కాపాడాలా, చెట్లు కొట్టేయాలా అన్నది తేలక నాయనకు నిద్ర పట్టడం లేదు. అనంతపురంలో టీచరుగా ఉన్న నేను, గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఉండే చెల్లెలు కంప్యూటర్ని అడిగి చెబుతామన్నాం.

నాయనది ఒక పద్ధతి. బోరు వేయాలంటే నీళ్లు చూసేవాళ్లను ఇద్దరిని వేర్వేరుగా పిలుస్తాడు. ఇద్దరి అరచేతుల్లోనూ పడుకోబెట్టిన టెంకాయ పొలంలో ఒకే చోట లేచి నిలబడితేనే బోరు బండి వస్తుంది. మాకూ అదే పరీక్ష పెట్టాడు. ఇద్దరినీ ఒకే మాటలు కొట్టి, వేర్వేరుగా వెతకమన్నాడు.

నాకు మొదట వచ్చిన పేజీలో చెట్టును బతికించే మందులు. చెల్లెలికి వచ్చిన పేజీలో, తోట తీసేసి వేరే పంట పెట్టమని సలహా. నువ్వు తప్పు కొట్టావంటే నువ్వే కొట్టావని ఫోన్లో పోట్లాడుకున్నాం. చివరికి ఆదివారం నాయనను వెంటబెట్టుకుని అనంతపురం నెట్ సెంటరుకు పోయి, ఎవరి మెయిల్ వాళ్లం తెరిచి పక్కపక్కన కూర్చున్నాం. మళ్లీ అదే తంతు.

"మెయిల్ తెరిచినారు కదక్కా, మీరెవరో దానికి తెలుసు," అన్నాడు సెంటరు నడిపే ఆయన. "ముందు మీరేం వెతికినారో, దేన్ని నొక్కినారో గుర్తు పెట్టుకుంటాది. మీకు నచ్చేదే పైకి తెస్తాది."

నాయన నవ్వాడు. "బోరు యాడ కావాల్నో ముందే చెప్తే టెంకాయ ఆడనే లేస్తాది. అందుకే నేను గట్టు మీద అటు తిరిగి నిలబడేది. మీరేం చెప్పినారమ్మా దీనికి?"

నేను రోజూ మందులే వెతికాను. టీచరమ్మను కదా, నా జవాబే సరైనదని నా ధీమా. చెల్లెలు తల వంచుకుంది.

"పోయినేడు తోటలో సొమ్మసిల్లి పడితివి నాయనా. తోట లేకుంటే ఎండలో ఇంతగా తిరగవని, చాకిరీ తక్కువుండే వేరే పంటలే చూస్తాంటి."

చెల్లెలి మీద నాకున్న కోపమంతా పోయింది. "అది మీ ఇద్దర్నీ ఎరగనట్ల అడగండి," అన్నాడు నాయన.

సెంటరాయన మెయిళ్లు మూసి, పాత గుర్తులన్నీ చెరిపేశాడు. ఇద్దరం మళ్లీ అవే మాటలు కొట్టాం. కింద వరస కొంచెం అటూ ఇటూ అయింది. రోజూ కొత్త పేజీలు చేరుతుంటాయి, జవాబిచ్చే యంత్రమూ ఎప్పుడూ ఒకటే కాదు, ఆ మాత్రం తేడా మామూలేనట. పైన మాత్రం రెండింట్లోనూ ఒకటే పేజీ వచ్చింది. చెట్టు మొదలు చుట్టూ మట్టి తీసి బెరడు చూడమని అందులో ఉంది. నాయన లేచి చెప్పులేసుకున్నాడు.

తోటకు పోయి మట్టి తీస్తే బెరడు నుంచి బంక కారుతోంది. లోపల చెక్క ఇంకా పచ్చిగానే ఉంది. కుళ్లిన బెరడు గీకి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయాలి. చెల్లెలు కొంగు దోపి, నాయన చేతిలోని కుంచె లాక్కుంది.

"నీడకు పో నాయనా. మేం పూస్తాం."

ఎవరి మాటా వినని మనిషి, పోయి కూర్చున్నాడు. అదీ చెల్లెలు తీసేయాలనుకున్న చెట్ల నీడలోనే.