తూకం మామయ్య, అరకిలో తేడా

తూకం మామయ్యకు లోకంలో ఒక్కటే పట్టింపు. ఏ వస్తువునైనా కొక్కేనికి వేలాడదీసి తూచందే దాని గురించి నోరు విప్పడు. ధర తర్వాత, రంగు తర్వాత, అసలది దేనికి పనికొస్తుందన్నది ఆ తర్వాత. అందరి జేబుల్లో కళ్లజోడో పెన్నో ఉంటే, ఆయన జేబులో అరచేతిలో ఇమిడే స్ప్రింగు త్రాసు ఉంటుంది. పక్కింటివాళ్లు పసిబిడ్డను తెచ్చి దీవించమంటే, గుడ్డ ఉయ్యాలలో వేసి తూచి, “మూడు కిలోల రెండొందలు. హాయిగా ఎత్తుకోవచ్చు” అని దీవించాడు.

ఆయన పని సంచులు బాగుచేయడం. అక్కయ్య ఇంటి కింది గదిలోనే దుకాణం. జిప్పు వేసినా, పట్టీ కుట్టినా వంక పెట్టడానికి ఉండదు. చిక్కల్లా తిరిగి ఇచ్చేటప్పుడే వస్తుంది. సంచిలో వస్తువులు వదిలేసి వెళ్లినవాళ్లకు రెండు మూటలు చేతికిస్తాడు. ఒకటి వాళ్ల సంచి. రెండోది, ఆయన ఉద్దేశంలో వాళ్లు ఇన్నాళ్లూ అనవసరంగా మోసిన బరువు.

ఒక లాయరుగారు రెండో మూట మరిచిపోయి కోర్టుకు వెళ్లారు. జడ్జిగారి ముందు సంచి తెరిస్తే అందులో రుమాలు తప్ప ఏమీ లేదు. రొప్పుకుంటూ దుకాణానికి వచ్చారు.

“నా కేసు కట్ట ఏదయ్యా?”

“అది నాలుగేళ్ల నాటిదండీ. అయిపోయి ఉంటుందనుకున్నాను.”

“కోర్టులో నాలుగేళ్లంటే నిన్న మొన్నటి సంగతి.”

“కావచ్చు. కానీ కిలోముప్పావు ఉందండీ.”

ఆయన తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. అయినా ఇంకో సంచి పట్టీ తెగినప్పుడు మళ్లీ ఇక్కడికే వచ్చారు. కట్ట మాత్రం ఇంట్లో పెట్టి వచ్చారు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని లాప్‌టాప్ కొనడానికి వెళ్లకూడదని మేనకోడలికి తెలుసు. వెళ్లక తప్పలేదు. “మామయ్యను తీసుకెళ్లు, లేకపోతే వారం రోజులు అన్నం సరిగ్గా తినడు” అంది అమ్మ. మేనకోడలికి సోమవారం నుంచి వీడియో ఎడిటింగ్ స్టూడియోలో ఉద్యోగం. లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మొదటి రోజు సాయంత్రానికి ఒక సినిమా ముక్క కత్తిరించి చూపించాలి, అది నచ్చితేనే ఉద్యోగం నిలుస్తుంది. రెండేళ్లుగా కూడబెట్టిందంతా ఆ మిషన్ కోసమే.

కంప్యూటర్ల దుకాణంలో బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మామూలు రకం, పలకలాగా సన్నగా ఉంది. రెండోది పనివాళ్ల రకం, అంటే వీడియోల్లాంటి భారీ పనులకు, ధర దాదాపు రెట్టింపు. సేల్స్‌మన్ ప్రాసెసర్ గురించి చెప్పడం మొదలుపెట్టాడో లేదో, మామయ్య జేబులోంచి త్రాసు, చంకలోంచి గుడ్డ సంచి బయటికి తీశాడు.

“సార్, ఏం చేస్తున్నారు?”

“నువ్వు చెబుతూ ఉండు నాయనా, నా చెవులు ఖాళీగానే ఉన్నాయి.”

మేనకోడలు తల వంచుకుని, ఎవరో తెలియనట్టు కీబోర్డుల వైపు జరిగింది. చుట్టూ పదిమంది పోగయ్యారు. మామయ్య రెండింటినీ తూచి, సంచి బరువు తీసేసి తీర్పు చెప్పాడు.

“ఇది కిలో రెండొందలు. అది కిలో ఏడొందలు. ఇదే తీసుకో అమ్మడూ.”

“మామయ్యా, నాకు కావలసింది పనిచేసే మిషన్. కూరగాయలు కాదు.”

“రోజూ బస్సు దిగి నాలుగంతస్తులు ఎక్కేది నువ్వా, మిషనా?”

“నేనే ఎక్కుతాను. నా ఉద్యోగం, నా డబ్బు, నా భుజం.”

మామయ్య పెద్ద లాప్‌టాప్‌ను సంచిలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు.

“ఎడం చేత్తో ఎత్తు.”

“ఎడం చెయ్యి ఎందుకు?”

“ఊరికే. ఎత్తు తల్లీ.”

ఎత్తింది. భుజం దగ్గర సన్నగా కలుక్కుమంది. మామయ్య అప్పుడు త్రాసు వైపు చూడడం లేదు, ఆమె మొహం వైపు చూస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. వెంట తెచ్చిన తన వీడియోను రెండు మిషన్లలోనూ వేయించింది.

పనివాళ్ల రకంలో బొమ్మ నీళ్లలా సాగింది. సన్నపుదాంట్లో నాలుగు అడుగులు వేసి ఆగింది, మళ్లీ రెండు వేసి ఆగింది. మామయ్య దాని వెనక చెయ్యి పెట్టి చూశాడు. కాలిపోతోంది.

“అయ్యో పాపం, ఇది మోయలేకపోతోంది,” అన్నాడు, దాన్ని నిమురుతూ. “దీనికి ఇంత బరువు పెట్టడం పాపం. పెద్దదే ప్యాక్ చెయ్యి నాయనా.”

గెలిచినందుకు ఆమెకు సంతోషం కలగలేదు. ఇంటికి వచ్చి అమ్మ దగ్గర ఒకటే సణుగుడు. “పదిమందిలో పరువు తీశాడమ్మా. ఏమిటా త్రాసు గోల?”

అమ్మ బట్టలు మడత పెడుతూ అడిగింది. “వాడు ఆ త్రాసు ఎప్పుడు కొన్నాడో తెలుసా?”

“నాకేం తెలుసు?”

“నీ తొమ్మిదో ఏట బడి మెట్ల మీద పడి ఎడం భుజం ఎముక విరగ్గొట్టుకున్నావే, ఆ వారంలో. ఆ రోజు నువ్వు తగిలించుకున్న సంచి వాడు కుట్టిందే. దళసరి తోలు, నాలుగు ఇత్తడి బకిల్సు. ఖాళీ సంచే రెండు కిలోలు. ఆసుపత్రి మంచం మీద నువ్వు నవ్వుతూ, ‘సంచే నన్ను వెనక్కి లాగేసింది మామయ్యా’ అన్నావు. నువ్వు మరిచిపోయావు, వాడు మరిచిపోలేదు.”

మేనకోడలి కోపం ఎటు పోయిందో పోయింది. కిందికి వెళ్తే మామయ్య తల ఎత్తకుండా ఆమె సంచికి వెడల్పాటి మెత్తటి పట్టీ కుడుతున్నాడు. దగ్గరికి వెళ్లి నిలబడింది. “లైటుకు అడ్డం” అన్నాడు మామయ్య. పక్కకు జరిగి అక్కడే కూర్చుంది.

సోమవారం సంచి భుజాన వేసుకుంటే దూదిలా ఉంది. పట్టీ మహిమ అనుకుంటూ బస్సెక్కింది. స్టూడియోలో కూర్చుని తెరిస్తే అసలు సంగతి బయటపడింది. చార్జరు లేదు. నీళ్ల సీసా లేదు, గొడుగు లేదు, భోజనం డబ్బా లేదు. వీడియో పనికి బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. సాయంత్రానికి ముక్క చూపించాలి. లాయరుగారి మొహం కళ్ల ముందు మెదిలింది. నాలుగంతస్తులూ పరుగున దిగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒక మూట పట్టుకుని ఎదురొచ్చాడు. “మీదేనమ్మా. మీ మామయ్యగారు ఏడింటికే వచ్చి ఇచ్చిపోయారు. మీరు వచ్చేసరికి నేను టీకి వెళ్లాను, చూసుకోలేదు.”

విప్పితే అన్నీ ఉన్నాయి. చార్జరు మాత్రం ఇంకోటి, లాప్‌టాప్‌తో వచ్చింది కాదు. పైన ఒక చీటీ. ‘మొదటిది ఇంట్లో, ఇది ఇక్కడే ఉంచు. మిగతావి రోజూ పొద్దున నేను తెచ్చి ఇస్తాను. నాకు నడక అవసరం అని డాక్టరు చెప్పాడు.’

ఏ డాక్టరూ అలా చెప్పలేదని ఆమెకు తెలుసు. చీటీ మడిచి, జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది.

“మంచి మనిషమ్మా,” అన్నాడు వాచ్‌మన్ తన లాఠీని ఇబ్బందిగా అటూ ఇటూ తిప్పుతూ. “కానీ ఒక్క మాట. వెళ్తూ వెళ్తూ దీన్ని తూచారు. రేపు పట్టుకెళ్లి సగానికి కోసి తెస్తానంటున్నారు. కొంచెం మీరు చెప్పండి.”