పదహారు ముళ్ళ తాడు

మా డ్రిల్ సారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. మేడ్చల్‌లో మా కాలనీ పార్కు చుట్టూ మూడు రౌండ్లు నడిచి, ఊయల గొలుసులు ఒకసారి లాగి చూసి, బయటికొచ్చి గేటుకు గొళ్ళెం పెట్టి, అది పడిందో లేదో కదిలించి చూసి, ఇంటికెళ్ళి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారట. నీళ్ళు వచ్చేసరికి మనిషి లేరు. గేటు వెయ్యకుండా మాత్రం పోలేదు.

కబురు తెచ్చింది పార్కు పక్క చాయ్ హోటల్ అతను. నేను దుకాణం ముందు సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూస్తున్నాను.

"మామా, సారు పోయిండు."

"ఏడికి?" అన్నాను. నిజంగానే అలా అడిగాను.

అతను తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు నా కుడిచెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది, అక్కడేదో కట్టి ఉన్నట్టు. ఎందుకు పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మధ్యలో దారి తప్పితే ఓపిక పట్టండి. అది నా అలవాటు. ఆ అలవాటు వల్లే ఒకసారి ఒక చిన్నపిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

నేను నాలుగో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. చదువంతా మిర్చిబజ్జీలు కట్టుకొచ్చిన పేపర్లలోనే జరిగింది. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు, మిగతా సగం నూనెలో నానిపోయింది. అలాంటి నన్ను సారు తన పక్కన నిలబెట్టుకున్నారు. ఆయన సర్కారు బడిలో డ్రిల్లు చెప్పి రిటైరై మా కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. అప్పటికి కాలనీ కొత్త. సగం మంది కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు, సగం మంది మాలాగా ఏదో ఒక పని చేసుకునేవాళ్ళు. పార్కు అంటే నాలుగు వేపచెట్లు, రెండు ఊయలలు, ఒక జారుడుబండ.

ఆ నాలుగు చెట్ల కింద పిల్లలను పోగేసి సారు ఏడాది పొడుగునా ఏదో ఒకటి పెట్టేవారు. ఎండాకాలం సెలవుల్లో పొద్దున ఆరింటికి డ్రిల్లు, కబడ్డీ, ఆపైన నా దగ్గర సైకిల్ నేర్చుకోవడం. చలికాలం ఆదివారాలు శామీర్‌పేట చెరువు కట్ట మీద పక్షులను చూడటం. అన్నిటికన్నా పిల్లలు ఎక్కువగా ఎదురుచూసేది మాత్రం మిరుగం కార్తె వెళ్ళి మొదటి వానలు పడ్డాక ఆరుద్ర పురుగుల నడక. ఎర్ర మఖమల్ ముక్కకు కాళ్ళొచ్చినట్టుండే ఆ పురుగులు ఏడాదిలో నాలుగు రోజులు కనపడి మాయమవుతాయి. ఖాళీ అగ్గిపెట్టెలో కొంచెం గడ్డి వేసి వాటిని పెట్టుకుని, కాసేపు చూసుకుని, మళ్ళీ మట్టిలోనే వదిలేసి రావాలి. అది సారు పెట్టిన షరతు.

పిల్లలను ఇన్నిచోట్ల తిప్పిన ఈ మనిషి మా కాలనీ మొత్తానికి పెద్ద పిరికివాడు. నేనంటున్న మాట కాదు, అందరూ అనేవారు. ఆయన లేనప్పుడు 'భయం సారు' అని పిలిచేవారు. ఊయల మీదికి పిల్లలను ఎక్కించే ముందు తానే గొలుసు పట్టుకుని వేలాడి చూసేవారు. వేపచెట్టు కొమ్మల్లో తేనెపట్టు ఉందేమోనని మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేవారు. గడ్డిలోకి దిగే ముందు అందరి చేతా కాళ్ళు దబదబా కొట్టించేవారు, పాము ఉంటే పోతుందని. వానాకాలంలో కరెంటు స్తంభాన్ని ఆమడ దూరం నుంచే చూసి, "ఆ పక్కకు ఎవరు పోవద్దు" అని సుద్దతో నేల మీద గీత గీసేవారు. ఎక్కడికైనా నడక ఉందంటే ముందురోజు ఒక్కరే వెళ్ళి ఆ చోటంతా తిరిగి వచ్చేవారు.

"ఏంది సార్, పిల్లలకన్న మీరే ఎక్కువ వణుకుతున్నరు?" అని ఒకసారి నవ్వాను.

"నవ్వు తమ్మీ, నవ్వు. భయపడుడు సిగ్గుగాదు. ఇంకొకల పిల్లల్ని తీస్కపోతా భయపడకపోతేనే సిగ్గు."

ఆయన భయాలన్నీ కలిసి ఒక తాడు అయ్యాయి. మెత్తటి నూలు తాడు. మూరెడు మూరెడుకు ఒక ముడి, మొత్తం పదహారు. ఒక్కో ముడి ఒక్కో పిల్లది. ముందు కొస సారు చేతిలో, తోక కొస నా చేతిలో. నడక ఆగినప్పుడల్లా నేను తోక నుంచి ముందుకు వెళ్తూ ఒక్కొక్కరి చెయ్యి ముట్టుకుని రావాలి. కంటితో లెక్కపెడితే ఒప్పుకునేవారు కాదు. "ముడి కాదు, చెయ్యి. చెయ్యి ముట్టుకో తమ్మీ" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! వినీ వినీ వినడం మానేశాను.

తొంభైలలో ఒక ఆషాఢం. శామీర్‌పేటలో బస్సు మారి, అలియాబాద్ దాటాక దిగాం. సర్కారువాళ్ళు కంచె వేసి, పార్కు అని బోర్డు పెట్టిన తుప్పల అడవి ముక్క ఒకటుంది అక్కడ. కంచె అవతల పాత రాళ్ళ క్వారీ. రాయి తియ్యడం ఆపేశాక అందులో వాననీళ్ళు నిండి, లోతు ఎంతో ఎవరికీ తెలియని గుంట అయింది. సారు ముందురోజే వచ్చి కంచెలో ఒకచోట సందు చూసి, దానికి తుమ్మకంప అడ్డం పెట్టి వెళ్ళారు.

నడుస్తూ నేను కథ మొదలుపెట్టాను. దుండిగల్ వైపు ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు ఎడ్లబండి మీద వస్తుంటే, అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో నేర్చుకునేవాళ్ళు నడిపే విమానం ఒకటి తలల మీదుగా కిందికి వచ్చింది. ఎడ్లు బెదిరి, పెళ్ళికొడుకుతో సహా రోడ్డు దిగి చేలల్లో పడ్డాయి. ఈ కథ చెప్పడానికి నాకు రెండు చేతులూ కావాలి. ఎడ్లు బెదరడం ఒక చేత్తో ఎలా చూపిస్తాను? అందుకని తాడు కొసను నడుముకు చుట్టి ముడేశాను. తాడు బిగువుగానే ఉంది. లాగుడు తెలుస్తూనే ఉంది. దారిలో రెండుసార్లు ఆగాం. రెండుసార్లూ నేను తోకలోనే నిలబడి కథ చెబుతూ కంటితో చూశాను. తొమ్మిదో ముడి దగ్గర ఎర్ర నీళ్ళ బాటిల్ ఊగుతోంది. ఆ బాటిల్ ఎవరిదో తెలుసు. ఆ పిల్ల ఉన్నట్టే అనుకున్నాను.

మూడోసారి ఆగినప్పుడు సారే వెనక్కి వచ్చారు. ఒక్కో చెయ్యి ముట్టుకుంటూ. ఎనిమిది దాకా వచ్చి ఆగారు. తొమ్మిదో ముడికి బాటిల్ పట్టీ తగిలించి ఉంది. వెనక చెయ్యి లేదు.

ఆయన బాటిల్‌ను కాసేపు పట్టుకునే ఉన్నారు. తరవాత నా నడుము వైపు చూశారు.

"గీ పాప ఏది?"

పదో ముడి పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. "ఎర్ర పురుగులు చూసింది సార్. నాకు గూడ రెండు తెస్త, ఎవరికి చెప్పకు అన్నది."

నేను గొంతెత్తి ఆ పిల్ల పేరు పిలవబోయాను. సారు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చెయ్యి మంచులా ఉంది. "ఒర్లకు. తిడతరని భయపడి ఉరుకుతది. ఎటు ఉరుకుతదో మనకేం ఎరుక?" తరవాత పిల్లలతో మామూలు గొంతు తెచ్చుకుని, "అందరు ఈడనే కూసోండ్రి. తాడు ఇడువొద్దు" అన్నారు. నాతో మళ్ళీ, "పదిహేను చేతులు. ముట్టుకుంటనే ఉండు" అన్నారు. విజిల్ తీసి మూడు పొట్టి ఊదులు ఊదారు. ఆ ఊదుకు మా పిల్లలకు ఒకటే అర్థం, పల్లీపట్టీలు పంచే వేళ అయిందని. ఊదుకుంటూ తుప్పల్లోకి, కంచె వైపుకు వెళ్ళిపోయారు.

నేను ముట్టుకుంటూనే ఉన్నాను. తోక నుంచి ముందుకు, ముందు నుంచి తోకకు. చిన్న చిన్న చేతులు, కొన్ని చెమటతో, కొన్ని మట్టితో. తొమ్మిది దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్కు తగిలేది. మబ్బు కమ్మింది. విజిల్ మూడు ఊదులు దూరమవుతున్నాయి. కంచె దాటినట్టు తెలుస్తోంది. అంటే కంప ఎవరో తీసేశారు, మేకలవాళ్ళు కావచ్చు. ఇంకా దూరం. ఇంకా దూరం. ఉన్నట్టుండి విజిల్ ఆగిపోయింది.

అది ఆగాక నేను ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. ఒక పాప అడిగింది, "మామా, ఎడ్లు ఏమైనయి?" కథలో ఎడ్లు ఇంకా చేలల్లోనే ఉన్నాయి. నేను మళ్ళీ తోక నుంచి చేతులు ముట్టుకుంటూ వెళ్ళాను.

ఏం జరిగిందో ఆ పిల్ల తరవాత చెప్పింది. క్వారీ అంచున, వానకు తడిసి నున్నగా ఉన్న బండ మీద గొంతుక్కూచుని అగ్గిపెట్టెలో పురుగులు ఎక్కిస్తోందట. ఆ పిల్ల కనబడగానే సారు విజిల్ ఆపేశారు. దగ్గరికి రాలేదు. పదడుగుల అవతల నేల మీద కూర్చుని, "ఎన్ని దొరికినయి బిడ్డా? నాకు జర చూపియ్యవా? నాకు మోకాళ్ళ నొప్పి, లేవరాదు" అన్నారట. ఆ పిల్లకు జాలేసి, లేచి, నీళ్ళకు వీపు తిప్పి ఆయన దగ్గరికి నడిచి వచ్చింది.

తుప్పల్లోంచి ఇద్దరూ వచ్చారు. సారు ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నారు. పిల్ల అగ్గిపెట్టె పట్టుకుంది. సారు ప్యాంటు ముందరంతా తడిసి ఉంది. అప్పటికి వాన ఇంకా మొదలవలేదు.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆయనను భయం సారు అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. అంత భయంతో కూడా గొంతు వణకనివ్వకుండా ఒక పిల్లతో పురుగుల లెక్క మాట్లాడిన మనిషి ఆయన. మరో నిమిషానికి వాన దంచి కొట్టింది. అందరం తడిశాం. ఆయన తడి ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం పార్కు గేటు దగ్గర ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. పదో ముడి పిల్లవాడు బస్సు దిగుతూనే పాప తప్పిపోయిన సంగతి చెప్పేశాడు. ఆవిడ ముఖం తెల్లబడింది. కూతురిని రెండు చేతులా పొదువుకుని అడిగింది.

"తోకలో ఎవరున్నారండీ? చివర చూసుకోవాల్సింది ఎవరు?"

నేను నోరు తెరిచాను.

"నేనే ఉన్ననమ్మా" అన్నారు సారు.

నేను నోరు మూసుకున్నాను. ఇంతే, ఇంతకన్నా ఏమీ లేదు. తెరిచాను, మూశాను. ఆదివారం కాలనీ పెద్దలు కూర్చుని, ఇకమీదట పిల్లలను పార్కు గోడ దాటించొద్దని తీర్మానించారు. చెరువు కట్ట మీది పక్షులు, ఆరుద్ర పురుగులు అక్కడితో ఆగిపోయాయి. ఎవరో, "ఊరికే భయపడ్డమే గానీ చూపు లేదు ఆ సారుకి" అన్నారు. సారు తల వంచుకుని విన్నారు. నేనూ ఆ వెనక వరసలోనే ఉన్నాను.

తరవాత అడిగాను, ఎందుకట్ల చెప్పిండ్రు సార్ అని.

"నువ్వని తెలిస్తె రేపటి సంది నీ కాడికి సైకిల్ నేర్చుకోనీకి పిల్లల్ని పంపుతరా? నాదేముంది, రిటైరైనోణ్ణి." కొంచెం ఆగి, "ఇగనన్న చేతులు ముట్టుకో" అన్నారు.

ముట్టుకున్నాను. ఆ తరవాత ప్రతి ఎండాకాలం, ఆ నాలుగు వేపచెట్ల కిందే, గోడ లోపలే అయినా సరే. నిజం మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఏడూ మొదటి వాన పడి మట్టి వాసన రాగానే నాకు చెమట పట్టేది. ఆ పెళ్ళి కథ కూడా మళ్ళీ ఎక్కడా చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం సారు ఇంటికి వెళ్ళాను. చాలామంది ఉన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు పనులకు దారులన్నీ తవ్వి ఉన్నా, ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారు. వాళ్ళలో ఆ తొమ్మిదో ముడి పిల్ల కూడా ఉంది. దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నా పక్కన వచ్చి కూర్చుంది. ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు తోకల ఉన్నది సారు కాదు. నేను."

"తెలుసు సైకిల్ మావయ్యా."

"ఎట్ల తెలుసు?"

"మీ గొంతు వెనక నుంచేగా వచ్చింది. కంచె అవతలికి కూడా వినపడింది, ఎడ్లు, విమానం అన్నీ. అది వినపడినంతసేపూ మీరంతా పక్కనే ఉన్నారనుకున్నాను. ఆగిపోయాకే భయమేసింది. అమ్మతో చెబుతానంటే సారు వద్దన్నారు, మిగతా పిల్లలకూ అదే చెప్పారు." కళ్ళు తుడుచుకుంది. "ఇంతకీ ఆ పెళ్ళికొడుకు ఏమయ్యాడో మీరు చెప్పనే లేదు."

అప్పుడే సారు ఇంటామె లోపలి నుంచి తాడు తెచ్చి మా ముందు పెట్టింది. "దీన్ని ఏం జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి. ఏటేట ఉతికి ఆరేస్తుండె" అంది.

దాన్ని వసారా పొడుగునా నేల మీద పరిచాను. తోక కొస పట్టుకుని, వంగి, ఒక్కొక్క ముడి ముట్టుకుంటూ ముందుకు కదిలాను. పదహారు. పదిహేను. పద్నాలుగు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు, అన్నీ ఖాళీ. పది దాటాను. తొమ్మిది దగ్గర నా వేళ్ళకు వెచ్చగా తగిలింది. అక్కడ ఒక చెయ్యి ఉంది. ఆ పిల్ల పట్టుకుని కూర్చుంది.

అక్కణ్ణుంచి ముందుకు వెళ్ళడానికి నాకు భయమేసింది. తాడు ముందు కొస గడప దాటి, సారును పడుకోబెట్టిన లోపలి గదిలోకి వెళ్ళి ఉంది.