వదిన చేతులకు సరిపడే లైను

మా వదిన నోటితో మాట్లాడేది తక్కువ, చేతులతో మాట్లాడేది ఎక్కువ. వాళ్ళ అమ్మానాన్నలిద్దరికీ చెవులు వినబడవు. అందుకని ఆవిడకి మాటలకంటే ముందు సైగలొచ్చాయి. ఇప్పుడు అదే ఉద్యోగం. వినబడనివాళ్ళు ఏ బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఫోనులో వీడియో కాల్ పెట్టుకుని కూర్చుంటారు. అక్కడివాళ్ళు చెప్పింది విని వదిన మా ముందుగదిలో, నీలం గుడ్డ కట్టిన గోడ దగ్గర కూర్చుని, సైగల్లోకి మారుస్తుంది. వాళ్ళ సైగల్ని మాటల్లోకి మారుస్తుంది. పనిలో కూర్చునే ముందు ఉంగరాలు తీసి కిటికీలో పెడుతుంది. చేతులు తప్ప ఇంకేదీ మెరవకూడదు.

సైగలు తెలిసినవాళ్ళు మనిషిని పేరుతో పిలవరు, ఒక గుర్తుతో పిలుస్తారు. నాకు పెట్టిన గుర్తు, ముక్కు మీద వేలితో ఒక తట్టు. నా కోపం ఎప్పుడూ అక్కడే ఉంటుందట. ఉంటే ఉండనీండి. మా పాత ఇంటర్నెట్ కంపెనీతో కాపురం చేస్తే ఎంత శాంతమూర్తికైనా వస్తుంది.

నెల మొదట్లో అది పరుగులు తీసేది. కాస్త వాడేసరికి చెప్పాపెట్టకుండా వేగం తగ్గించేసేవాళ్ళు. మామూలు ఇళ్ళలో అయితే సినిమా ఆగి ఆగి వస్తుంది, నాలుగు తిట్లు తిట్టుకుని పడుకుంటారు. వదినకి అలా కుదరదు. సైగల్లో "వద్దు" అనే మాట చాలాసార్లు తల అడ్డంగా ఊపడంలోనే ఉంటుంది. బొమ్మ ఆగి ఆ ఊపు కాస్తా పోయిందంటే, "ఈ మాత్ర వేసుకోవద్దు" అన్నది "వేసుకో" అయి కూర్చుంటుంది. ఒకసారి అయింది కూడా. వదినకి అనుమానం వచ్చి మళ్ళీ అడిగింది కాబట్టి సరిపోయింది. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఆ మాత్ర ఎలాంటిదో తెలుసు కనక ఆ రోజంతా నాకు గుండె దడ తగ్గలేదు.

ఇలా ఉండగా కత్తెరమ్మకి ఏడో నెల వచ్చింది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించడం ఆమె గుర్తు, అందుకని నేను అలా పిలుస్తాను. మా వీధిలోనే బట్టలు కుట్టేది, పెళ్ళయ్యాక వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆమెకీ వినబడదు, మొగుడికీ వినబడదు. అక్కడి ఆసుపత్రిలో సైగలు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఓ రోజు ఫోనులో వదినని అడిగింది: "కాన్పప్పుడు నువ్వు నా ఎదురుగా ఉండాలి. డాక్టరు ఏమంటోందో తెలియకుండా నేను ఆ బల్ల మీద పడుకోలేను."

వదిన ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేసింది. ఇచ్చిందో లేదో తెర బిగుసుకుపోయింది. కత్తెరమ్మ చెయ్యి గాల్లో, నోరు సగం తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.

"అమ్మాయ్, కొత్త లైను కావాలి. ఈ రోజే!" అంటూ వదిన కుర్చీలోంచి లేచింది. ఆవిడకి ఏదైనా పట్టుకుంటే అంతే. మధ్యాహ్నానికల్లా ఇద్దరిని పిలిపించింది.

మొదటాయన టై కట్టుకుని వచ్చాడు, పెద్ద కంపెనీ. కాగితం మీద "అపరిమితం" అని అరచేతంత అక్షరాలు. ఫోనులో వేగం కొలిచి చూపించాడు, ఆ అంకె చూసి మా అన్నయ్య ఈల వేశాడు. రెండో ఆవిడ మా వీధి చివర చిన్న ఆఫీసు నుంచి, వైరు చుట్ట భుజాన వేసుకుని తనే వచ్చింది. ఆవిడ అంకె దాంట్లో సగం కూడా లేదు.

"అంకె చిన్నదే. కానీ మేం తగ్గించం. ఎంత వాడినా, ఏం చూసినా ఇదే ఉంటుంది," అంది.

"అందరూ చెప్పే మాటే కదండీ," అన్నాను నేను.

"చెప్పడం ఎందుకు, వాడి చూడండి," అని వైరు విప్పింది. టై ఆయనకీ పౌరుషం వచ్చి, తనదీ కొన్నాళ్ళు ఊరికే ఇస్తానన్నాడు. సాయంత్రానికి మా అలమర మీద రెండు పెట్టెలు పక్కపక్కనే దీపాలు మిటకరిస్తూ కూర్చున్నాయి.

వదిన పరీక్ష వాళ్ళ నాన్నగారితో మొదలైంది. ఆయన ఊరి అవతలి కొసన ఉంటారు. ముందు టై ఆయన లైను మీద ఆయనకి ఏదో హాస్యపు కథ చెప్పింది. ఆయన పడీ పడీ నవ్వి, బ్రహ్మాండం అని సైగ చేశారు. రెండో లైను మీద చెప్పింది. మళ్ళీ నవ్వు, మళ్ళీ బ్రహ్మాండం. "రెండూ బాగున్నప్పుడు పెద్దదే తీసుకుందాం!" అని వదిన అప్పుడే పెన్ను కోసం వెతుకుతోంది. నాకెందుకో పక్కలో ముల్లులా ఉంది. ఆయన కథ పూర్తికాకముందే నవ్వారు.

"వదినా, ఆ కథ ఆయనకి ముందే తెలుసా?"

"తెలియకపోవడమేంటి? చిన్నప్పుడు ఆయనే కదా నాకు..." అని వదిన నాలుక కరుచుకుంది.

అదీ సంగతి. కూతురి భుజం కదిలితే చాలు, ఆయనకి మాట మొత్తం తెలిసిపోతుంది. చెడ్డ లైన్లకి అలవాటు పడి, పోయిన ముక్కలన్నీ ఆయనే పూరించుకుంటున్నారు. అంత ముద్దుగా చదివే మనిషి చేతికి పరీక్ష పేపరు ఇస్తే ప్రతి కంపెనీకీ నూటికి నూరే!

అప్పుడు నేను రంగంలోకి దిగాను. షాపు నుంచి నోరు తిరగని మందుల పేర్లు మోసుకొచ్చాను. నేను చదువుతుంటే వదిన వేళ్ళతో అక్షరం అక్షరం చూపించాలి, ఆయన కాగితం మీద రాసి మాకు చూపించాలి. ఊహించి రాసే వీల్లేదు. అదీ ఇప్పుడు కాదు, లైనుని బాగా వాడి అలసగొట్టాక.

ఇక చూడండి మా ఇంట్లో జాతర! టీవీలో మ్యాచ్, వంటింట్లో సినిమా, మేడ మీద ఎవరూ చూడని ఇంకో సినిమా. పక్కింటివాళ్ళని కూడా "మా ఇంటికొచ్చి ఏదో ఒకటి చూసిపొండి" అని బతిమాలుకున్నాం. అన్నయ్య భోజనానికి లేచి టీవీ కట్టేస్తే వదిన కయ్యిమంది.

"టీవీ ఆపినందుకు తిట్లు తినడం నా జన్మలో ఇదే మొదలు," అని అన్నయ్య మళ్ళీ పెట్టాడు.

ముందు టై ఆయన లైను. కొన్నాళ్ళు దర్జాగానే నడిచింది. ఆ తర్వాత ఓ పూట నాన్నగారు చూపించిన కాగితంలో మందుల పేర్లకి సగం అక్షరాల్లేవు. "నీ వేళ్ళన్నీ ముద్దయిపోయాయి" అని ఆయన మొహం చిట్లించారు. వేగం కొలిచి చూస్తే అంకె మాత్రం నిండుగా ఉంది! నాకు ఒళ్ళు మండింది. ఫోను చేశాను.

"టెస్టులో బాగానే చూపిస్తోంది కదా మేడమ్?"

"టెస్టు వచ్చి కాన్పు చేయిస్తుందా? అపరిమితం అన్నారు కదండీ మీరు?"

"వాడకం అపరిమితమే మేడమ్. కొంత దాటాక వీడియో కాల్స్‌కి వేగం తగ్గుతుంది. అది మామూలే."

ఆ మామూలుని మూటగట్టి పెట్టెతో సహా పంపించేశాం.

తర్వాత వైరు చుట్ట ఆవిడ లైను. దాన్ని ఇంకా ఎక్కువ రాచిరంపాన పెట్టాం. వదిన వేళ్ళు పరుగెత్తించింది, నాన్నగారు రాశారు, కాగితం ఎత్తి చూపించారు. ఒక్క అక్షరం పోలేదు! పైగా ఆయనకి బెంగ పట్టుకుంది, ఇన్ని మందులా, ఎవరికి బాగాలేదని సైగల్లో ఒకటే అడగడం. వదిన ఆయనకి జవాబైనా చెప్పకుండా నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది. నేనూ తిరిగాను. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

కబురు ఓ పొద్దున వచ్చింది. నేను షాపుకి చెప్పులు వేసుకుంటున్నాను, వదిన "మొదలైంది!" అని కేక పెట్టింది. అన్నయ్య అవసరం లేకపోయినా తన ఫోను ఆపేసి, పక్కింటివాళ్ళ ఫోన్లు కూడా ఆపించడానికి పరుగెత్తాడు. నన్నూ ఉండమని కత్తెరమ్మ ముందే చెప్పింది కాబట్టి చెప్పులు విప్పేసి వదిన పక్కగా, తెర కనబడేలా నిలబడ్డాను.

అక్కడ నర్సు ఫోనుని కత్తెరమ్మ తల దగ్గర నిలబెట్టింది. ఆమె ముఖమూ చేతులూ తప్ప మరేమీ కనబడటం లేదు. డాక్టరు "ఇప్పుడే ముక్కొద్దు" అంది. వదిన తల అడ్డంగా ఊపింది, కత్తెరమ్మ పళ్ళ బిగువున ఆగింది. "ఇప్పుడు, ఇప్పుడు!" అంది డాక్టరు. వదిన మొహం, భుజాలు, పిడికిళ్ళు అన్నీ కలిసి ఆ మాట చెప్పాయి. నాకు తెలియకుండా నేనూ ఊపిరి బిగబట్టాను. లైను ఒక్కసారి కూడా తడబడలేదు.

అంతలో ఏడుపు వినబడింది. "ఆడపిల్ల. బాగుంది," అంది డాక్టరు. వదిన చెప్పింది. కత్తెరమ్మ కళ్ళనీళ్ళతో నవ్వి, చేతులెత్తి ఏదో అడిగింది.

వదిన చేతులు గాల్లో ఆగిపోయాయి.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చటుక్కున పెట్టె వైపు చూశాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. తెర మీద కత్తెరమ్మ కదులుతూనే ఉంది. లైను బాగానే ఉంది. ఆగిపోయింది మా వదిన.

"ఏమంటోంది?" అన్నాను గుసగుసగా.

"ఎలా ఏడుస్తోందీ అని అడుగుతోంది," అంది వదిన.

భుజంతో కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. రెండు చేతులూ గుండెల దగ్గర్నుంచి లేచాయి, వేళ్ళు విచ్చుకుని వణికాయి, ఊపిరి కోసం ఆగాయి, మళ్ళీ ఇంకా కోపంగా లేచాయి. స్పీకర్లో పిల్ల ఎలా అరిస్తే అలా. కత్తెరమ్మ రెప్ప వేయకుండా చూసింది. పిల్ల ఊరుకుంది. వదిన చేతులు దించింది.

కత్తెరమ్మ ఒక చిన్న సైగ చేసింది. అది నాకు కూడా తెలిసిన సైగే. "మళ్ళీ," అంది.

పిల్ల, తల్లి మాట విన్నట్టే, మళ్ళీ ఏడుపు అందుకుంది.