జిల్లేడు కొమ్మ అడ్డం పెట్టిన బాట

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఊరుకోకుండా వాదానికి దిగే మనిషిని నేను. పద్దెనిమిదేళ్లుగా కరెంటు లైన్‌మన్‌గా పనిచేస్తున్నాను. వానలో, చీకట్లో, శ్మశానాల పక్కన స్తంభాలెక్కాను. తీగకు భయపడ్డాను కానీ దయ్యానికి ఏనాడూ భయపడలేదు. ఇప్పుడు రాసేది కూడా దయ్యం కథని నేననడం లేదు. దీన్ని ఏమనాలో తెలియక రాస్తున్నాను.

మాది గద్వాల దగ్గర పల్లె, ఉద్యోగం వనపర్తిలో. నాలుగేళ్ల కిందట నాకు సైకిల్ పిచ్చి పట్టింది. తారు రోడ్డు మీద కాదు. కాలువ కట్టలు, మొరం బాటలు, చేల మధ్య బండి బాటలు పట్టుకుని, సామాను సైకిలుకే కట్టుకుని రెండు మూడు రోజులు తిరిగి రావడం. “ఎడ్లబండ్లు పోయే తొవ్వల సైకిల్ తొక్కితే ఏమొస్తది?” అని మా ఆవిడ సుజాత అడుగుతుంది. ఏమీ రాదు. ఇంట్లో కూర్చుంటే నాకు కాలు నిలవదు, అంతే.

ఈ పిచ్చిని సుజాత తమ్ముడు శేఖర్‌కు అంటించింది నేనే. వాడికి చిన్నప్పటినుంచి షుగర్. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి, వేసుకున్నాక వేళకు కడుపునిండా తినాలి. లేకపోతే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. “నీ మీద భరోసతోటి పంపుతున్న, వాడు జర పైలం” అని సుజాత నాకు పదిసార్లు చెప్పింది.

గద్వాల నుంచి అమ్రాబాద్ దాకా మూడు రోజుల దారి అనుకున్నాం. మొదటి రోజు కృష్ణ దాటి వనపర్తి చేరాం. రెండో రాత్రి తెలకపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్లో పడుకున్నాం. మూడో రోజు బయలుదేరేటప్పుడే తప్పులు మొదలయ్యాయి. శేఖర్ సూది వేసుకుని, సగం రొట్టె తిని లేచాడు. వాడి సైకిల్ వెనక పట్టీ తెగిపోతే, గ్లూకోజు, బిస్కెట్లు ఉన్న సంచిని నా సైకిలుకు కట్టాం. ఇద్దరం కలిసే కట్టాం, ఒక్కడికీ బుర్రలో వెలగలేదు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక రాళ్లగుట్ట దగ్గర నా వెనక టైరులో తుమ్మముల్లు దిగింది. శేఖర్‌కూ ఓపికకూ చాలా దూరం.

“నువ్వు పంచర్ ఏసుకొని రా బావా. నేను ముందట పోయి తొవ్వ ఎట్లున్నదో చూస్త. చీలినకాడ కొమ్మేసి పోత” అన్నాడు.

మా పల్లెల్లో ఇది మామూలే. ముందుపోయేవాళ్లు వెనకవచ్చేవాళ్ల కోసం కొమ్మ విరిచి దారిలో వేస్తారు. అక్కడ ఫోన్ పలకదు కాబట్టి సరేనన్నాను.

ట్యూబు మార్చి, గాలి కొట్టి, పంపును కడుతుంటే చేతికి ఆ సంచి తగిలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటికే వాడు వెళ్లి ఇరవై నిమిషాలు దాటింది.

తొక్కడం మొదలుపెట్టాను. కొంతదూరంలో బాట రెండుగా చీలింది. కుడి బాట మీద జిల్లేడు కొమ్మ అడ్డంగా ఉంది. కుడిది మూసేశాడని ఎడమ బాట పట్టాను.

మళ్లీ చీలిక, మళ్లీ జిల్లేడు కొమ్మ. ఈసారి కూడా కుడి మీదే ఉంది, ఎడమకు పోయాను. మూడో చీలికలో ఎడమ మీద ఉంటే కుడికి తిరిగాను. దిగి ఆ కొమ్మను ముట్టుకున్నాను. విరిచినచోట పాలు ఇంకా కారుతున్నాయి, నా వేళ్లకు జిగటగా అంటుకున్నాయి. ఆ ఎండకు జిల్లేడు పాలు ఎంతసేపు కారతాయి? వాడు పక్కనే ఉన్నాడని గట్టిగా పిలిచాను. పలకలేదు. చుట్టూ కోతలైన చేలు, కనుచూపు మేర మనిషి లేడు.

తర్వాత ఒక చిన్న వాగు దాటాను. నీళ్లు లేవు, మెత్తటి ఇసుక. ఇసుకలో టైరు గుర్తు లేదు. అడుగు గుర్తూ లేదు. వెనక్కి తిరుగుదామా అనుకున్నాను. కానీ అవతలి ఒడ్డున నాలుగో చీలిక, దాని మీద నాలుగో కొమ్మ కనబడ్డాయి.

ఆ కొమ్మ లేని బాటలో వందడుగులు పోయానో లేదో, గుట్ట అంచు కింద పొదల్లో వాడి ఎర్ర చొక్కా కనిపించింది. పైనుంచి సైకిలుతో సహా జారి పడ్డాడు. ఒళ్లంతా చెమట, కళ్లు తేలేస్తున్నాడు. గ్లూకోజును వేలితో చిగుళ్లకు, బుగ్గలోపల రుద్దాను. “శేఖరా, మింగురా, నీ కాళ్లు మొక్కుతా” అని ఏడ్చాను. కాసేపటికి గుటక వేశాడు. నన్ను నేను అంతగా తిట్టుకున్న రోజు ఇంకోటి లేదు.

ఆ దారిన వచ్చిన ట్రాక్టరులో దవాఖానకు తీసుకుపోయాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

సాయంత్రం శేఖర్ లేచి కూర్చున్నాడు. కొమ్మలేసి మంచిపని చేశావన్నాను. వాడు వింతగా చూశాడు.

“కొమ్మలేంది బావా? ఒక్కటే ఏసిన. కుడి దిక్కు పోయిన, కుడి తొవ్వకే ఏసిన. పోయిన తొవ్వకే గద ఏసేది?”

వాళ్ల ఊళ్లో అలాగేనట. మా ఊళ్లో పోకూడని బాటకు అడ్డం వేస్తాం. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ తేడా నాకు తెలియదు. వాడు గుట్ట మీది బాటలో పోయాడు, నేను గుట్ట చుట్టూ తిరిగే కింది బాటలో పోయాను.

నాలుగు రోజులకు ఇద్దరం బండి మీద మళ్లీ వెళ్లాం. నాలుగు చోట్లా కొమ్మలు ఎండి అలాగే ఉన్నాయి. శేఖర్ కూడా చూశాడు. గుట్ట మీది బాటలో నడిచి, వాడు పడిన చోటును పైనుంచి తొంగి చూశాను. పొదలు తప్ప ఏమీ కనిపించదు. వాడి కొమ్మను వాడి ఊరి లెక్కన చదివి ఉంటే, నేను వాడి తల మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయేవాణ్ని.

“మా తమ్ముడు హుషారు. కొమ్మలేసుకుంట పోయిండు, గందుకే బతికిండు” అని సుజాత అందరికీ చెబుతుంది. అప్పుడు శేఖర్ నావైపు చూడడు, నేనూ వాడివైపు చూడను.

గొర్రెలకాపరి ఎవరైనా వేశాడేమోనని ఆ చుట్టుపక్కల ఊళ్లలో అడిగాను. దారి మూయడానికి కొమ్మ వేయడమేంటని వాళ్లు నవ్వారు. తెలకపల్లి వైపు ఆ పద్ధతే లేదు.

వాడి ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలని నాకు నేనే చెప్పుకుంటాను. అయినా మనసు కుదుటపడదు. శేఖర్ వేసింది పోగా మిగిలిన ఆ మూడు కొమ్మలు మా ఊరి పద్ధతిలో వేసినవి. దారిన పోయే ఎవరికోసమో కాదు, నాకోసం వేసినవి. ఆ గుట్టల్లో నేను ఏ ఊరివాణ్నో ఎరిగినవాళ్లు ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.