పీకడం మానేసిన పళ్ళ డాక్టరు

పళ్ళ డాక్టరు మామగారు ఎవరి దగ్గరా ఏదీ లాక్కోరు. మారకం చేస్తారు, ఒకటిచ్చి ఇంకొకటి పుచ్చుకుంటారు.

"జీవితంలో నువ్వేం పీకావు?" అని ఎవరైనా నిలదీస్తే లెక్క చెప్పి మరీ నిలబడగల మనిషి ఆ పేటలో ఆయనొక్కరే. అలాంటి మనిషి, ఆస్పత్రికి తాళం వేసిన నాడు పట్టకారు కూడా లోపలే పడేసి, "ఇక చాలు. ఈ చేత్తో ఎవరి నోట్లోంచీ ఏదీ పీకను" అని ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు మిగతావాళ్ళ ప్రాణాలు పీకుతోందని కోడలి గోల.

కొడుకు చదువుతున్న పేపరు కావాలంటే మామగారు అడగరు. కాఫీ గ్లాసు తెచ్చి ముక్కు దగ్గర ఆడిస్తారు. కొడుకు చెయ్యి గ్లాసు మీదికి పోగానే పేపరు ఈయన చంకలోకి వస్తుంది. కోడలి ఎర్ర పెన్నుకైతే జీడిపప్పు.

"పెన్ను కావాలంటే ఇమ్మని అడగొచ్చుగా మామయ్యగారూ!"

"అడిగితే ఇస్తావమ్మా, కానీ విసుక్కుంటూ ఇస్తావు. ఇప్పుడు చూడు, నవ్వుతూ ఇచ్చావు."

నవ్వలేదని ఆమె అనేలోపు పెన్ను గడప దాటిపోయేది.

ఇంట్లో జరిగేది ఇంట్లోనే ఉంటే బాగానే ఉండేది. వస్తాదు వచ్చాక అది వీధిన పడింది. వస్తాదంటే పేరుకే. జానెడు కుక్క. కానీ బయటికి తీసుకెళ్తే దాని నోటికి పనికిరాని వస్తువు లేదు. ఎముక, గుడ్డపేలిక, ప్లాస్టిక్ మూత, ఎవరిదో చెప్పు. మొదట్లో కోడలే దాన్ని తిప్పేది. నోట్లో ఏదన్నా కనబడగానే దవడ పట్టుకుని లాగేది. ఆమె లాగేకొద్దీ అది గబగబా మింగేది. ఓసారి సాక్సు మింగి, పశువుల డాక్టరు దగ్గర అందరి ముందూ కక్కింది. ఆ సాక్సు ఎవరిదో నేటికీ తెలియలేదు.

"నువ్వు లాక్కుంటావని దానికి తెలిసిపోయింది. అందుకే దాచుకుంటోంది," అన్నారు మామగారు. "ఇస్తే లాభమని తెలియాలి. అప్పుడు అదే ఇస్తుంది."

మర్నాటి నుంచి చొక్కా జేబులో ఉడికిన గుడ్డు ముక్కలు వేసుకుని శిక్షణ మొదలుపెట్టారు. ముందు ఇంట్లో బంతితో. "ఇచ్చెయ్ నాన్నా" అనడం, గుడ్డు ముక్క పెట్టడం, అది బంతి వదలగానే మెచ్చుకుని మళ్ళీ బంతి దానికే ఇచ్చెయ్యడం.

"ఇచ్చింది మళ్ళీ ఇస్తే ఎలా?" అంది కోడలు.

"తిరిగొస్తుందని నమ్మకం ఉంటే ఇవ్వడానికి ఎవరికమ్మా బాధ?"

తర్వాత పాఠం వీధిలో. అక్కడే కోడలి తల కొట్టేసినట్టయ్యేది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. వీధిలో సగం ఇళ్ళ పిల్లలు ఆమె క్లాసే. ఆ పిల్లల తల్లిదండ్రులు చూస్తుండగా, డెబ్భై ఏళ్ళ మామగారు నడివీధిలో మోకాళ్ళ మీద కూలబడి, జేబు నిండా గుడ్డు మరకలతో, "ఇచ్చెయ్ నాన్నా, నా బంగారం, ఆ చచ్చిన ఎలకను ఇచ్చెయ్" అని బతిమాలేవారు. వెనక స్కూటర్లు ఆగిపోయేవి. కోడలు కరెంటు స్తంభం చాటుకు వెళ్ళి, ఆయనెవరో తనకు తెలియనట్టు ఫోను చూసుకునేది. కుక్క వదిలిన వస్తువులు ఎవరివి వాళ్ళకి అప్పగించడానికి ఆయన గుమ్మం గుమ్మం తిరగడం ఇంకో అప్రదిష్ట.

మామగారికి మాత్రం సిగ్గన్నది లేదు. ఆయనకున్నదల్లా ఒక్క గర్వం. అపార్టుమెంటు లిఫ్టులో ఎవరు కలిసినా నోరు బార్లా తెరిచి, "ముప్పై రెండూ సొంతవే! లెక్కపెట్టుకోండి" అనేవారు. పాపం, కొందరు లెక్కపెట్టేవారు కూడా.

ఒక ఆదివారం పొద్దున వస్తాదు గోడ పక్క పొదల్లో దూరి, దేన్నో కరుచుకుని బయటికొచ్చింది. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని దాని నోట్లోకి తొంగి చూశారు. చూసి తల పైకెత్తారు. పొదలకు సరిగ్గా పైన రెండో అంతస్తు బాల్కనీ. అందులో సంగీతం టీచరు. ఎప్పుడూ వీధంతా వినబడేలా పలకరించే మనిషి, అప్పుడు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాటా పలుకూ లేకుండా నిలబడి ఉంది.

మామగారు జేబులోని గుడ్డంతా ఒకేసారి ముందు పోశారు. "ఇచ్చెయ్ నాన్నా." వస్తాదు వదిలేసింది. ఆయన దాన్ని చటుక్కున రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు.

అది అపార్టుమెంటు సెక్రటరీ కంటబడింది.

"ఏంటండీ దాచేస్తున్నారు? మొన్న మా ఆవిడ చెప్పు పోయింది. ఇవాళ ఎవరి కొంప ముంచిందో మీ కుక్క!"

"మీది కాదులెండి."

"చూపించండి. చూపించకపోతే ఈ కుక్క రేపటి నుంచి గేటు లోపల ఉండదు."

జనం మూగారు. కోడలు స్తంభం చాటునే ఉండిపోయింది. వెళ్ళి పక్కన నిలబడాలని తెలుసు. భూమి చీలి మింగేస్తే బాగుండునని కూడా అనిపించింది. రెండో కోరికే బలంగా ఉంది.

మామగారు వస్తాదు వైపు చూశారు. బాల్కనీ వైపు మాత్రం చూడలేదు. పెదాలు రెండూ పళ్ళ మీదికి మడుచుకుని, రుమాలు విప్పి, "నా ఫళ్ళంఢీ," అన్నారు.

అరచేతిలో కట్టుడు పళ్ళ వరస నిగనిగలాడుతోంది.

వీధి వీధంతా గొల్లున నవ్వింది.

"మరి ముప్పై రెండూ సొంతవన్నారు?" అన్నాడు సెక్రటరీ.

"గొప్ఫకు ఫోయానండీ." మామగారి చెవులు ఎర్రగా కందిపోయాయి.

ఆయనకూ సిగ్గు ఉంటుందని కోడలికి అప్పుడే తెలిసింది. ఆ పొద్దున్నే ఆయన పచ్చి క్యారెట్టు పటపటా నమిలేయడం ఆమె కళ్ళారా చూసింది. బాల్కనీలో తువ్వాలు ఇంకా మూతి మీదే ఉంది. ఇక లెక్కల టీచరుకు విడదీసి చెప్పాలా? అంతకుముందు ఆయన్ను చూసి పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఇప్పుడు స్తంభం చాటున తనను తాను చూసుకుని పడ్డ సిగ్గు ఒక ఎత్తు.

జనం చెదిరాక మామగారు రెండో అంతస్తుకు వెళ్ళి, ఖాళీ జేబుతో దిగివచ్చారు. కోడలు మెట్ల దగ్గరే కాచుకుని ఉంది.

"మామయ్యగారూ, నేను... ఇందాక మీ పక్కన..."

"ఎండగా ఉందమ్మా. స్తంభం దగ్గర నీడ బాగుంటుంది," అని ఆయన ముందుకు సాగిపోయారు.

ఆ నెలాఖర్న అపార్టుమెంటు వాళ్ళంతా మేడ మీద కలిశారు. సెక్రటరీ మామగారి నోట్లోకి తేరిపార చూసి, "ఎక్కడ కట్టించారు డాక్టరుగారూ? అచ్చం సొంత పళ్ళలా ఉన్నాయే!" అన్నాడు. మామగారు మింగలేక కక్కలేక ఒక నవ్వు నవ్వారు.

ఇంతలో యాపిల్ పళ్ళ బుట్ట వచ్చింది. అందరూ తలా ఒకటి తీసుకుని కొరుకుతున్నారు. మామగారి పక్క కుర్చీలో సంగీతం టీచరు, చేతిలో పండును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. కోడలు లేచి చాకు తెచ్చి వాళ్ళిద్దరి మధ్యా కూర్చుంది.

"మా మామయ్యగారికి పలచగా ముక్కలు కోయాలండీ, కట్టుడు పళ్ళు కదా!" అంది, మేడంతా వినబడేలా. "ఎలాగూ కోస్తున్నాను, మీదీ ఇలా ఇవ్వండి టీచరుగారూ."

సంగీతం టీచరు పండు ఇచ్చేసింది. నవ్వుతూనే ఇచ్చింది.