పంచిన చెయ్యి

మా మేనమామ గంజాయి కేసులో ముద్దాయి. ఈ మాట ఆఫీసులో అంటే ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఊరుకుంటారు. వాళ్ళ ఊహలో గంజాయి ముద్దాయి అంటే చెవిపోగు పెట్టుకున్న కుర్రాడో, టీవీలో మొహానికి గుడ్డ కప్పుకున్న ముఠానో. మా మామ కాడుగోడి బజారులో స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. మెడలో టేపు, జేబులో సుద్దముక్క, నుదుట విభూతి. మాంసం ముట్టేవాడు కాదు, సారా వాసన సోకితే ముక్కు మూసుకునేవాడు. పౌర్ణమి వస్తే మాత్రం మధ్యాహ్నమే మిషను మీద దుప్పటి కప్పేసి, గోడకున్న తంబూర దించి తీగలు సవరించుకుంటూ కూర్చునేవాడు.

కాడుగోడి మహానగరంలో కలిసిపోక ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లోనే వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే కన్నడం. మా మగవాళ్ళు ఆంధ్రా సరిహద్దు అవతల ఒక చిన్న మఠంలో ఉపదేశం తీసుకుంటారు, తత్వాలు పాడతారు. పౌర్ణమి సాయంత్రం మామ ఇంటి వసారాలో గురువు పటం ముందు చాపలు పరిచేవారు. పాట ఎత్తుకోవడానికి ముందు చిలుం, పొగ పీల్చే మట్టి గొట్టం, వెలిగేది. మావాళ్ళు గంజాయి అనరు, బంగి అంటారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ పొగ వాసన వస్తే ఈ రోజు అత్త చిత్రాన్నం కలుపుతుందని సంబరపడేదాన్ని. అంతకుమించి అందులో ఏదైనా ఉందని మాకు తెలియదు.

దానికి ఒక కట్టడి ఉండేది. మూట విప్పడం, ఆకు నలపడం, చిలుంలో కూరడం, పంచడం అంతా ఒక్కరి చేతి మీదే జరగాలి. పాటలకు ఎవరు పెద్దో ఆయన చెయ్యి అది. మా తాత తర్వాత మామకు వచ్చింది. ఎవరికి ఇవ్వాలి, ఎవరిని దాటెయ్యాలి అన్నది ఆయన చూపులోనే తేలిపోయేది. పెళ్ళికాని పిల్లలకు ఇచ్చేవాడు కాదు. కొడుకు పోయిన దిగులుతో మతి కాస్త తప్పిన ఒకాయన వచ్చేవాడు. చిలుం ఆయన దగ్గరికి వచ్చేసరికి మామ ఆయన చేతిలో వాయించే తాళాలు పెట్టి, చిలుం పక్కవాడికి అందించేవాడు. ఆయన నొచ్చుకున్నా సరే. బంగి అమృతమని నేను అనడం లేదు. కొందరికి అది పడదు, కొందరిని పాడుచేస్తుంది. ఆ సంగతి ఏ చట్టమూ చెప్పకముందే మా వసారాలో తెలుసు, తెలిసి నడుచుకున్నారు.

మామ ఇంటి వెనక కొబ్బరిచెట్లు కొట్టేసి అపార్ట్‌మెంట్ లేచింది. ముందు దుమ్ము, తర్వాత కిటికీలు, ఆ తర్వాత ఫిర్యాదులు. తాళాల చప్పుడు అన్నారు, మామ తలుపు మూసి పాడించాడు. వాసన అన్నారు, దానికేం చెయ్యాలో ఆయనకు తోచలేదు. శనివారాలు అదే అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పార్టీ అయ్యేది, ఆదివారం పొద్దున వాళ్ళ చెత్తబండిలో సీసాలు గలగలలాడుతూ పోయేవి. ఆ వాసనల్లో మా మామ వెలిగించే వాసన కూడా అప్పుడప్పుడు కలిసేదని ఆ వీధిలో ముక్కున్న వాళ్ళందరికీ తెలుసు. పోలీసులు మాత్రం మా వసారాకే వచ్చారు.

గురువుగారి ఆరాధన దగ్గర పడిందని మఠం నుంచి ఏడాదికి సరిపడా మూట అప్పుడే వచ్చి ఉంది. ఆ పౌర్ణమి రోజు, ఇంకా దీపాలు పెట్టే వేళ. జీపు ఆగింది, బూట్లతోనే చాపల మీదికి వచ్చారు. మూట పైకెత్తి ఎస్సై కన్నడంలో, ఇది ఎవరిది అని అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. కంజిర వాయించే ముసలాయన, స్వామిది అని గొణిగాడు. అప్పుడు మామ లేచి నిలబడి పంచె సర్దుకున్నాడు. "నాదే సార్. వీళ్ళందరికీ పంచేది నేనే" అన్నాడు. ఎస్సై నమ్మలేనట్టు మళ్ళీ అడిగాడు. "అందరికీ నువ్వే ఇస్తావా?" "మా నాయన తర్వాత నేనే ఇస్తా ఉండా. వేరేవాళ్ళు ముట్టకూడదు" అన్నాడట. అత్త చెప్పింది, ఆ మాట అనేటప్పుడు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడని.

నేను కుందలహళ్ళి ఆఫీసు నుంచి ఆటోలో స్టేషన్‌కు పరిగెత్తాను. మామ బల్ల మీద చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు మామా అట్లా చెప్పినావు? తెలీదంటే పోయేది కదా" అన్నాను.

"ఉండేది ఉన్నట్టు చెప్పినా అమ్మణ్ణీ. పంచేది నేనే కదప్పా. అదీ కాదంటే ఆ పటం ముందర నేను యా మొహం పెట్టుకోని కూచోవల్ల?"

లాయరు విని తల పట్టుకున్నాడు. తాగేవాడు ఒక రకం, పంచేవాడు ఇంకో రకం అట. ఎవడో ఇచ్చాడు, అలవాటు పడ్డాను, వదిలించుకుంటాను అని ఏడ్చి ఉంటే దారి ఉండేదట. మామ తన పదవి చెప్పుకున్నాడు. వాళ్ళు దాన్ని వ్యాపారం అని రాసుకున్నారు. పైగా మూటను కాడలు, ఆకులు, గింజలు అన్నీ కలిపి తూచారు. పూత లేని ఉత్త ఆకూ గింజా గంజాయి లెక్కలోకి రావని చట్టంలోనే ఉందట. ఆ సంగతి లాయరు కోర్టులో వాదించేలోపు మామ జైల్లో వారాలు గడిపేశాడు. పేపర్లో ఫొటో వేశారు. టేబుల్ మీద మూట, చిలుం, వెనక వరసగా పోలీసులు, మధ్యలో మా మామ. కన్నడంలో కింద గంజాయి అమ్మేవాడు అని రాశారు. జీవితంలో ఒక్క ఆకు కూడా అమ్మని మనిషి. ఆ పేపరును చింపి పోగులు పెట్టాను, అది తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

బెయిలు మీద వచ్చాక స్కూలువాళ్ళు యూనిఫారాల పని ఆపేశారు. పిల్లలకు సంబంధించిన విషయం, ఏమీ అనుకోవద్దన్నారు. మఠం నుంచి కబురు వచ్చింది, కేసు తేలేదాకా ఆరాధనకు రావద్దని. వాళ్ళ భయం వాళ్ళది. పౌర్ణమి వచ్చింది, చాపలు పరవలేదు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే దారి మార్చుకుని పోసాగారు. చిలుం లేకుండా ఉత్త పాటే పాడుకోవచ్చు కదా మామా అని నేను అన్నాను. "ఎవరొస్తారమ్మణ్ణీ? మా ఇంటికి వస్తే పోలీసోళ్ళు పేరు రాసుకుంటారంట" అన్నాడు. తంబూర గోడకే ఉండిపోయింది.

వారం వారం స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలి. స్టేషన్ నుంచి ఇంటికొచ్చే దారిలో ఎమ్మార్పీ అంగడి, మందు దుకాణం, ఉంది. పొద్దున్నే షట్టర్ లేస్తుంది, నిలబడి తాగి పోవచ్చు. మందు ముట్టనని గురువు ముందు ప్రమాణం చేసిన మనిషి అక్కడ ఆగడం మొదలుపెట్టాడు. మొదటిసారి వాసన పట్టింది అత్తే. అన్నం పళ్ళెం ముందు పెట్టి, లోపలికి పోయి ఏడ్చిందట. నేను వెళ్ళి గట్టిగా అడిగాను. ఆయన సిగ్గుపడలేదు. "ఇది సర్కారోళ్ళే అమ్మేది అమ్మణ్ణీ. తాగి జీపు ముందర నడిచిపోయినా ఎవరూ ఏమీ అడగరు. దానికి మాత్రం చేతులకు బేడీలు" అన్నాడు.

ఊరికే ఉండలేక లాయరుని పట్టుకుని, బెయిలిచ్చేటప్పుడు కోర్టు చెప్పిన కౌన్సెలింగ్‌కు మామను నేనే తీసుకుపోయాను. తాగుడు మాన్పించే మార్గం అక్కడైనా ఉంటుందని ఆశ. మామ పొద్దున్నే ఒక క్వార్టరు వేసుకుని వచ్చాడు, ఆటోలో పక్కన కూర్చోలేకపోయాను. అక్కడ ఆయనకు మూత్రపరీక్ష చేశారు. గంజాయి ఆనవాలు లేదని తేలింది. కౌన్సెలర్ అమ్మాయి చాలా మంచిది, చిరునవ్వుతో మామ చెయ్యి పట్టుకుని, మీరు గెలిచారు అంకుల్ అంది. ఆ చెయ్యి వణుకుతోంది. సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చేశాడప్పటికే. ఈయన రోజూ బ్రాందీ తాగుతున్నాడు, చూడండి అని నేను అన్నాను. తెలుస్తోంది మేడం, కానీ ఈ ఫైలు గంజాయికి అంది. మందుకు వేరే చోటికి పోవాలట, వాళ్ళ దగ్గర పడకలు ఖాళీ లేవట. తిరిగి వచ్చేటప్పుడు మామ నవ్వుతూనే ఉన్నాడు. "పాసయినా" అన్నాడు.

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ విషయం మీద అప్పుడప్పుడు చర్చ జరుగుతుంది. ఫలానా దేశంలో దుకాణాలే పెట్టారు, మనకూ చట్టం మారుతుంది అంటారు. అలా అనేవాళ్ళలో కొందరు వారాంతం ఏం కాలుస్తారో నాకు తెలుసు, బెళ్ళందూరులో వాళ్ళ ఫ్లాట్లకు ఏ జీపూ రాదు. మారితే మారనీ. ఏదో ఒక రోజు మెరిసే డబ్బాలో పెట్టి, మీద యోగి బొమ్మ వేసి అమ్ముతారు. కానీ అప్పటికి ఎవరికి ఇవ్వాలో, ఎవరిని దాటెయ్యాలో తెలిసిన మా వసారా ఉండదు. నేను వాళ్ళతో వాదించడం మానేశాను. పెరుగన్నం తిని సీటు దగ్గరికి వచ్చేస్తాను.

మామ కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్ళు సన్నబడ్డాయి. ఆసుపత్రిలో కాలేయం పోయిందన్నారు. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి, మామ రాలేడని లాయరు ప్రతిసారీ చెబుతూనే ఉన్నాడు. చివరి రోజుల్లో ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి ఏదో తత్వం ఎత్తుకోబోయాడు. మొదటి మాట దాటి గొంతు రాలేదు. చెయ్యి ఊపి, పో అన్నట్టు సైగ చేశాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని బాగా ఏడ్చాను.

ఉపదేశం తీసుకున్నవాళ్ళను మావాళ్ళు కాల్చరు, గుంతలో పద్మాసనం వేయించి కూర్చోబెట్టి పూడ్చిపెడతారు. పాటల పెద్ద పోతే ఆయన చిలుం చివరిసారి నింపి కుడిచేతిలో పెట్టాలి. మా తాతకు మామే పెట్టాడు. మామ చిలుం కోర్టు సామానుల గదిలో సీలు వేసి ఉంది. కొత్తది తేవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పాత బృందంలో కంజిర ముసలాయన ఒక్కడే వచ్చాడు, ఆయనకు పల్లవులు తప్ప చరణాలు గుర్తులేవు. అవన్నీ మామకే వచ్చు. శ్మశానం పక్కన రోడ్డు మీద ట్రాఫిక్ ఆగకుండా ఒక పోలీసాయన నిలబడి ఉన్నాడు.

విభూతి పూశారు, మారేడు ఆకులు వేశారు. గుంతలో కూర్చోబెట్టి, కుడిచెయ్యి మోకాలి మీద అరచేయి పైకి పెట్టి ఉంచారు. అందరం ఆ ఖాళీ చేతినే చూస్తూ నిలబడ్డాం. ఎమ్మార్పీ అంగడి దగ్గర మామతో పాటు నిలబడే ఒకాయన ముందుకు వచ్చి, జేబులోంచి క్వార్టరు సీసా తీసి ఆ చేతిలో పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు పాపం. పోలీసాయన చూశాడు, చూసి మళ్ళీ బస్సుల వైపు తిరిగాడు.

అత్త గుంత అంచుకు వచ్చింది. "తియ్యండప్పా దాన్ని. దాంతోనే కదా సచ్చిపోయినాడు" అంది.

"ఉండనీమ్మా" అన్నాడు కంజిర ముసలాయన. "ఉత్త చెయ్యితో ఎట్లా పంపేది? దీనికైతే ఎవరూ కేసు పెట్టరు."

అత్త వినలేదు. గుంతలోకి వంగి తనే ఆ సీసా లాక్కుని తుప్పల్లోకి విసిరేసింది. ఇంక పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆయన చెయ్యి మాత్రం, ఎవరో మూట తెచ్చి పెడతారని చూస్తున్నట్టు, తెరుచుకునే ఉంది. మేము దాని మీద మట్టి పోశాం.